చేత్తో తూచిన మోటరు

మా ఆయన దేన్నయినా చేత్తో ఎత్తి చూసే కొనేటోడు. కాటా మీద ఆయనకు నమ్మకం లేదు. చింతపండు బుట్టయినా, ఇప్పపువ్వు మూటయినా, ఎడమచేత్తో లేపి, కాస్త ఊపి, కింద పెట్టి అప్పుడు బేరం మొదలుపెట్టేది. పెళ్ళిచూపులనాడు మా నాన్న ఇచ్చిన మంచినీళ్ళ చెంబును కూడా అట్లనే ఎత్తి ఊపి చూసిండు. తలుపు చాటున నిలబడ్డ మా మేనత్త నా చెవిలో, "ఏందే ఇది, నిన్ను కూడా ఎత్తి చూస్తడా ఏంది?" అన్నది. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని ఆయన తల ఎత్తి చూసిండు. మా సంబంధం అట్ల కుదిరింది.

పేరు రామనాథం. పుట్టింది తెలంగాణ సరిహద్దు మీద తర్లగూడలో. మా మామయ్య, అంటే ఆయన నాన్న, వారం అంగళ్ళు తిరిగి అక్కడి గూడేల దొర్లోళ్ళ దగ్గర అడవి సరుకు కొనేవాడు. చింతపండు, ఇప్పపువ్వు, కుంకుళ్ళు, చిల్లగింజలు. చిల్లగింజ అంటే బురద నీళ్ళను తేటచేసే గింజ. కుండ లోపలి గోడకు నాలుగు రుద్దులు రుద్ది వాగు నీళ్ళు పోస్తే, గడియసేపట్లో మట్టంతా అడుక్కు పోతది. ఆ గింజ మంచిదో కాదో చూడాలంటే గంగాళంలో నీళ్ళు పోసి వేసేది. "మునిగింది సరుకు, తేలింది పుచ్చు" అని మామయ్య చెప్పేవాడట. మా ఆయన ఆరో తరగతి దాకే చదివిండు. చదువుకన్నా ఆ మాటే ఆయనకు గట్టిగ పట్టింది. బరువున్నదే మంచిదని బతుకంతా నమ్మిండు.

పెళ్ళయిన మూడేళ్ళకు జగదల్‌పూర్ వచ్చినం. ముందర దుకాణం, నడుమ ఇల్లు, వెనక గోదాము, గోదాము పక్కన చింతపండు ఆరేసే గచ్చు. ఒక్కతే బిడ్డ, అనుపమ. హిందీ బడిలో చదివింది కాబట్టి దానికి లెక్కలన్నీ హిందీలోనే. ఇంట్లో మాతో తెలుగు, బజార్లో హల్బీ. నాకు నాలుగో తరగతి తెలుగు తప్ప ఏదీ సరిగ్గ రాదు. దుకాణం సంగతులు నేనెప్పుడూ అడిగింది లేదు, ఆయన చెప్పిందీ లేదు. అడగకపోవడం మర్యాద అనుకున్న.

అనుపమకు ఇరవైరెండో ఏట జ్వరం వచ్చింది. నాలుగు రోజుల జ్వరం. ఐదోనాడు పొద్దున మంచం దిగబోతే కాళ్ళు లేవలేదు. వైజాగ్ తీసుకపోయినం. వెన్నులో వాపు అన్నరు. సూదులతో వాపు తగ్గింది, కాళ్ళు మాత్రం రాలేదు. మోకాళ్ళ కింద గిల్లినా తెలియదు. అక్కడి ఆసుపత్రిలో నీళ్ళ తొట్టి ఉండె. కసరత్తు చేయించే డాక్టరమ్మ మా పిల్లను రొమ్ముల లోతు నీళ్ళలోకి దించింది. నీళ్ళలో ఒంటి బరువు తగ్గుతది కదా, అనుపమ అంచున బిగించిన ఇనుప గొట్టం పట్టుకొని నిలబడ్డది. పదకొండు నిమిషాలు. మా ఆయన గోడ గడియారం చూసి లెక్కపెట్టిండు.

డాక్టరమ్మ మంచిది, దాచలేదు. "రోజూ నీళ్ళల్లో నిలబెట్టాలండి. వచ్చే బలమేదో ఏడాది, ఏడాదిన్నర లోపలే వస్తుంది. తర్వాత వస్తుందని నేను చెప్పలేను" అన్నది.

జగదల్‌పూర్ రాంగనే మా ఆయన అట్లాంటి తొట్టి కోసం చింతపండు గచ్చు తవ్వించిండు. ఇరవైనాలుగు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. లోపల నీలం బిళ్ళలు, అడుగున నడిమధ్య తెల్ల పువ్వు. నీళ్ళను లాగే చిన్న మోటరు, ఆ నీళ్ళను వడగట్టే ఇసుక డ్రమ్ము రాయ్‌పూర్ నుంచి వచ్చినయ్. పట్టుకునే ఇనుప గొట్టం భీమా చేసి పెట్టిండు. భీమా మా రోడ్డు మొదట్ల రేకుల షెడ్డులో మోటర్లకు వైరు చుట్టే మిస్త్రీ. బాసగూడ వైపు మనిషి. గొడవలకు ఊరు ఖాళీ అయిన రోజుల్లో వచ్చి ఇక్కడే ఉండిపోయిండు. దొర్లీ, తెలుగు, హిందీ మూడూ ఒకే మాటలో కలిపి మాట్లాడతడు.

బజార్లో మాత్రం నవ్విన్రు. "చింతపండు సేటు ఈత కొడతడంట! పులుసు చేస్తడేమో!" అని నా ముందే అన్నరు. ఆయన పట్టించుకోలేదు.

ఆ ఎండాకాలం మా ఇంట్లో మంచి రోజులు. రోజూ పది గంటలకు అనుపమను కుర్చీలో కూచోబెట్టి నీళ్ళలోకి దించేటోళ్ళం. నేను ఒకపక్క, ఆయన ఒకపక్క. మొదట నిలబడ్డది. వైశాఖంలో అడుగు వేసింది. "ఏక్" అన్నది. జ్యేష్ఠం వచ్చేసరికి "సాత్" దాకా వచ్చింది. ఏడు అడుగులు. ఎనిమిదోది వెయ్యబోయి గొట్టం మీద పడి నవ్వింది. "నాన్నా, కల్ ఆఠ్" అన్నది. రేపు ఎనిమిది.

ఆ రేపు రాలేదు.

మా బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువ. బస్తర్ మట్టే ఎరుపు, నీళ్ళదీ అదే గుణం. ఎండలకు నీళ్ళు తగ్గితే కొత్త నీళ్ళు పట్టినం. క్లోరిన్ పొడి వెయ్యంగనే ఆ నీళ్ళు చాయ్ రంగుకు తిరిగినయ్. అడుగున పువ్వు కనబడలేదు. మా ఆయన గోదాములోకి పోయి చిల్లగింజల బస్తా తీసిండు. దంచి, పొడి చేయించి, రెండు బిందెల నీళ్ళలో కలిపి తొట్టిలో కుమ్మరించిండు. ఇంకా బాగ తేటపడాలని మోటరు ఆపకుండా నడిపించిండు. తెల్లారి చూస్తే నీళ్ళు అద్దం లెక్క ఉన్నయ్. "చూసినవా సావిత్రీ, మా నాన్న గింజ!" అని నన్ను చెయ్యి పట్టుకొని తీసుకపోయి చూపించిండు.

మూడోనాడు మోటరు కాలిన వాసన వచ్చింది.

భీమా వచ్చి ఇసుక డ్రమ్ము మూత విప్పి, లోపల చెయ్యి పెట్టి, తీసి, వాసన చూసుకున్నడు. "సేటూ, ఇది ఇసుక కాదు. బెల్లం దిమ్మ."

"నీళ్ళు తేటగనే అయినయ్ కదరా!"

"అయినయ్. కుండలైతే మట్టి అడుక్కు పోయి కూసుంటది. మీరు మోటరు బంద్ చెయ్యలె. మట్టి, మీ గింజ జిగట, అంత వచ్చి దీంట్ల కూసున్నది. నీళ్ళు పోవడానికి తోవ లేదు, మోటరు గింజుకొని గింజుకొని సచ్చింది."

రాయిలెక్క గట్టిపడ్డ ఇసుకను కొట్టి తీస్తుంటే డ్రమ్ము కూడ చీలింది. ఇక మోటరు, డ్రమ్ము రెండూ కొత్తవి కావాలె. మా ఆయన లోపలికి వచ్చి చిల్లగింజల బస్తా మూతి కట్టి, గోదాములో అన్నిటికన్న వెనక పెట్టిండు.

జగదల్‌పూర్‌లో పొలం మోటర్లు దొరుకుతయ్ గాని ఇట్లాంటివి ఎవరూ అమ్మరు. అనుపమ ఫోన్లో వెతికి వైజాగ్‌లో ఒక దుకాణం నంబరు పట్టింది. దుకాణం అతని పేరు ఉమామహేష్. నేను వంటింట్లో గోధుమపిండి జల్లిస్తున్న. ఫోను అనుపమ మంచం మీద, స్పీకరులో పెట్టి ఉన్నది. మా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూచొని గట్టిగ మాట్లాడుతుండు.

అతను పొడవు, వెడల్పు, లోతు అడిగి లెక్క కట్టిండు. "ఇరవైఏడు వేల లీటర్లు సార్. ఈ నీళ్ళన్నీ ఆరు గంటల్లో ఒకసారి ఇసకలోంచి తిరిగొస్తే చాలు. మీకు పదహారు అంగుళాల ఫిల్టరు, అర హార్స్ పవర్ మోటరు సరిపోద్ది."

"అరనా!" అన్నడు మా ఆయన. "మా ఊళ్ళె మిరపచేనుకు మూడు పెడతరయ్యా."

"మిరపచేను వేరండి. పెద్దది పెట్టకండి సార్, చెబుతున్నాను. నీళ్ళు ఇసకలోంచి మెల్లగా నడవాలి. తోసుకుంటూ పోతే మురికి ఆగదు. అడుగున గొట్టాలు విరుగుతాయ్, ఇసకే కొట్టుకొస్తుంది."

నా చెయ్యి ఆగింది. జల్లెడలో పిండి గుప్పెడు గుప్పెడు పోస్తం. తపేలెడు పిండి ఒక్కసారి కుమ్మరించి గట్టిగ ఊపితే నలక ఆగదు, పొట్టు కూడ కిందికి దిగుతది. జల్లెడ వల ఊడిపోతది. నలభై ఏళ్ళ నుంచి నేను చేస్తున్న పనే అది. ఆ పిల్లగాడు చెప్పింది నాకు ఒక్క మాటకే అర్థమయింది. తలుపులోంచి మంచం వైపు చూసిన. అనుపమ పైకప్పు చూస్తున్నది. ఆయన ఫోనుకు దండం పెట్టి, "వస్త, వచ్చి చూసుకుంట" అన్నడు.

రైల్లో వైజాగ్ పోయిండు. తిరిగి వచ్చిన రోజు వాన. డ్రమ్ము ఒక్కటే తెచ్చిండు, పదహారు అంగుళాలదే. మోటరు తేలేదు.

"ఎత్తి చూసిన సావిత్రీ" అన్నడు కాళ్ళు కడుక్కుంట. "ప్లాస్టిక్ ఒళ్ళు. ఒక్క చేతికే లేచింది. ఊపితే లోపల ఏమీ ఉన్నట్టే లేదు. ఏడు నెలల పిల్లంత బరువు లేదది. అసొంటి చిన్నదే గదా ముందు కాలిపోయింది. నా బిడ్డ కాళ్ళను తీసుకపోయి ఆ బొమ్మ మీద పెట్టమంటడు. వానికేం, దుకాణపోడు."

"ఆ అబ్బాయి ఏమన్నడు?"

"ఏమంటడు, నవ్విండు. సార్, మీరు మోటరు కొనడానికి వచ్చిన్రా, పుచ్చకాయ కొనడానికి వచ్చిన్రా అన్నడు." చెప్పి ఆయన కూడా నవ్విండు. ఆ నవ్వులో కోపం ఉన్నది.

మర్నాడు మా బజార్లోని పొలం సామాన్ల దుకాణం నుంచి మూడు హార్స్ పవర్ ఇనుప మోటరు తెచ్చిండు. ఆటోలోంచి ఇద్దరు మనుషులు దించిన్రు. ఆయన ఎడమచెయ్యి దాని కొక్కెంలో పెట్టి లేపబోయిండు. లేవలేదు. రెండోసారి రెండు చేతులు పెట్టిండు. కొంచెం లేచింది. కింద పెట్టి, చేతులు దులుపుకొని, "ఇదీ సరుకు" అన్నడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన ముఖం విచ్చుకున్నది.

భీమా నడుము మీద చేతులు పెట్టుకొని మోటరు వంక, డ్రమ్ము వంక మార్చి మార్చి చూసిండు.

"సేటూ, ఎద్దును తెచ్చి కోళ్ళ గంప కింద కమ్ముతున్నరు."

"ఎద్దుంటే దున్నుకోవచ్చురా. కోడితోటి ఏం దున్నుతవ్?"

"దున్నుడు కాదు గదా సేటూ, వడపోసుడు. గంప పలుగుతది."

"నువ్వు వైరు చుట్టు. వ్యాపారం నేను చేస్త."

"మీ మర్జీ. ఎద్దు తన్నితే నన్ను పిలవొద్దు."

ఇద్దరూ నవ్విన్రు. నేను చాయ్ పట్టుకొని గడపలో నిలబడి ఉన్న. అప్పుడు మా ఆయన నా వైపు తిరిగిండు. ఇన్నేళ్ళ కాపురంలో ఏ సరుకు గురించీ నన్ను అడిగిన మనిషి కాదు. ఆనాడు అడిగిండు.

"ఏమే, నువ్వేమంటవ్?"

జల్లెడ సంగతి నాలుక మీదికి వచ్చింది. ఆయన ముఖం చూసిన. చిల్లగింజల బస్తా వెనక్కి పెట్టిననాటి నుంచి ఆ ముఖంలో నేను చూడని వెలుగు ఉన్నది. దాన్ని నా నోటితో ఆర్పబుద్ధి కాలేదు.

"మీకు తెలవదా" అన్న. చాయ్ ఇచ్చి లోపలికి వచ్చిన.

మోటరు మొదలుపెడితే ఇల్లంతా అదిరింది. తొట్టిలో నీళ్ళు సుడి తిరిగినయ్. పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి చూసిన్రు. "చూడు, ధార చూడు!" అని మా ఆయన చిన్నపిల్లవానిలెక్క చూపించిండు. నీళ్ళు మసకగనే ఉన్నయ్ గాని, "రెండు రోజుల్ల తేటపడతది" అన్నడు. అనుపమ నెల కింద ఏడు అడుగులు వేసిన పిల్ల. రెండు రోజులు ఆగుదామని ఎవరికీ అనిపించలేదు. దించినం. నాలుగు అడుగులు వేసింది. "చార్" అన్నది. నెలరోజులు మంచంలో ఉన్నందుకు మూడు అడుగులు పోయినయ్. అయినా సంతోషించినం.

రోజూ దించినం. నాలుగు, నాలుగు, అయిదు. నీళ్ళు మాత్రం తేటపడలేదు. అడుగు కనబడదు. నా కాళ్ళకు గరగర తగులుతుండె. బయటి మట్టి కావచ్చు అనుకున్న. అది డ్రమ్ములోని ఇసుక. లోపలి గొట్టాలు విరిగి, వడగట్టాల్సిన ఇసుకే మోటరు ధారకు తొట్టిలోకి కొట్టుకొచ్చి అడుగంత పరుచుకున్నది. నాకు గరగర తెలిసింది. అనుపమకు మోకాళ్ళ కింద ఏమీ తెలియదు. నాలుగో, అయిదో అడుగు కోసం మడమలు ఈడ్చి ఈడ్చి వేసింది, ఆ ఇసుక మీద.

పదోనాడు కాళ్ళు తుడుస్తుంటే బట్టకు ఎర్రగ అంటింది. మడమ తిప్పి చూసిన. రెండు మడమలూ తోలు లేచి ఉన్నయ్. ఎడమ మడమ కింద పచ్చి.

"ఏమైందమ్మా?" అన్నది అనుపమ.

"ఏం లేదు, కొంచెం రాసుకున్నది."

"నొప్పి లేదులే" అన్నది. తనే అని, తనే నవ్వింది.

ఆ పుండు భాద్రపదం అంతా మానలేదు. రక్తం సరిగ్గ ఆడని కాళ్ళు. డాక్టరు కట్టు కట్టి, ఇది పూర్తిగ మానేదాక నీళ్ళు తగలనియ్యొద్దన్నడు. ఆశ్వయుజంలో జ్వరం వచ్చింది, పుండు లోపలికి పోయింది. మళ్ళీ వైజాగ్, ఇరవై రోజులు. దీపావళికి ఆసుపత్రిలోనే ఉన్నం. డాక్టరమ్మ వచ్చి మడమ చూసి, కాళ్ళ కండలు నొక్కి చూసింది. గడువు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరికీ తెలుసు.

మడమ మానేసరికి పుష్యమాసం.

ఈ మధ్యలో భీమా ఒక పని చేసిండు. మమ్మల్ని అడగకుండనే ఉమామహేష్‌కు ఫోన్ చేసి అర హార్స్ పవర్ మోటరు, డ్రమ్ము లోపలి గొట్టాలు, కొత్త ఇసుక పార్సెల్ తెప్పించిండు. పెట్టె మా వాకిట్లో విప్పిండు. "సేటూ, ఇది చూడున్రి" అన్నడు మెల్లగ. ఎద్దు, కోడి అనలేదు.

మా ఆయన పెట్టెలోంచి మోటరును ఎడమచేత్తో తీసిండు. ఊపలేదు. కింద కూడ పెట్టలేదు. అట్ల పట్టుకొనే నిలబడ్డడు. భీమా కాసేపు చూసి, "ఇటియ్యున్రి, బిగిస్త" అని చేతిలోంచి తీసుకున్నడు.

పాత నీళ్ళు తోడేసి, అడుగు కడిగి, కొత్త నీళ్ళు పట్టినం. ఈసారి ఎర్రమట్టిని అడుక్కు పోనిచ్చి, దాన్ని బయటికి లాగేసి, అప్పుడు డ్రమ్ములోకి నీళ్ళు వదిలిండు భీమా. చిన్న మోటరుకు శబ్దమే లేదు. చెవి పెట్టి వింటే తప్ప నడుస్తున్నట్టు తెలియదు. వారం దినాలకు అడుగున తెల్ల పువ్వు రెక్కలు లెక్కపెట్టేటంత తేటగ కనబడ్డది. నీళ్ళు అంత బాగ ఎన్నడూ లేవు.

పుష్యం చలికి మధ్యాహ్నం ఎండ పూర్తిగ పడేదాక ఆగినం. అనుపమను కుర్చీలో కూచోబెట్టి దించినం. రొమ్ముల లోతు దాక పోయినంక గొట్టం పట్టుకున్నది. వెనకటిలెక్క నేను నడుము వదిలిన.

నిలబడలేదు. కాళ్ళు కిందికి దిగనే లేదు. రెండు కాళ్ళూ వాటంతట అవే పైకి వచ్చినయ్. బట్ట తేలినట్టు నీళ్ళ మీద తేలినయ్. నేను మునివేళ్ళు పట్టుకొని కిందికి నొక్కిన. వదిలితే మళ్ళీ తేలినయ్. నీళ్ళు తేటగ ఉన్నందుకు అంతా కనబడ్డది.

ఆయన ఆ కాళ్ళనే చూసిండు. వాళ్ళ నాన్న మాట గుర్తొచ్చిందో ఏమో, నేను అడగలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నడు.

"చలిగ ఉంది నాన్నా, తీసెయ్యండి" అన్నది అనుపమ. నీళ్ళు గోరువెచ్చగ ఉన్నయ్.

తర్వాత ఇంకో పదిహేను రోజులు దించినం. ఒక్కరోజు కూడ "ఏక్" అన్నది లేదు. మాఘంలో ఒకనాడు నేను తువాలు తీసుకొని మంచం దగ్గరికి పోతే, "వద్దులే అమ్మా" అన్నది. నేను తువాలు మడిచి పెట్టిన. ఆయన గుమ్మంలో నిలబడి విని, దుకాణంలోకి పోయిండు.

అయినా మోటరు ఆపలేదు. రోజూ పొద్దున నాలుగు గంటలసేపు నడిపించేది. జాలీతో ఆకులు తీసేది, డ్రమ్ములోకి నీళ్ళు ఎదురు తోసి ఇసుక కడిగేది, డ్రమ్ము మీద ఒత్తిడి చూపించే ముల్లు చూసేది. భీమా ఎట్ల చెబితే అట్ల, గింజంత తేడా లేకుండ చేసిండు. ఎవరూ దిగని నీళ్ళను అంత శుభ్రంగ ఉంచిండు. అంగడి సరుకు వస్తే కాటా మీదనే తూచమన్నడు. చెయ్యి పెట్టడం మానేసిండు. దొర్లోళ్ళ ముసలామె ఒకతి చింతపండు బుట్ట ముందర పెట్టి, "సేటు ఎత్తి చూస్తలేడేంది? నా మీద కోపమా?" అని అడిగింది. ఆయన కాటా వైపు చూపించిండు.

ఫాల్గుణంలో ఆయన పోయిండు. దుకాణంలో కూచున్నవాడు కూచున్నట్టే గల్లా మీదికి ఒరిగిండు. గుండె అన్నరు. అరవైయేళ్ళు కూడ నిండలేదు. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి మంచి మాటలే చెప్పిన్రు. నికరమైన మనిషి, తూకంలో ఎవరినీ మోసం చెయ్యలేదు అన్నరు. నిజమే. బిడ్డ విషయంలో కూడా ఆయన మోసం చెయ్యలేదు.

దినాలు అయిపోయినంక ఒక మధ్యాహ్నం అనుపమకు తల దువ్వుతున్న. వెనక కూచున్న కాబట్టి దాని ముఖం నాకు కనబడదు. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది చెప్పేసిన.

"ఆ అబ్బాయి ఫోన్లో చెప్పిననాడే నాకు తెలిసింది బిడ్డా. పెద్ద మోటరు పెడితే ఇట్లయితదని. మీ నాన్న నన్ను అడిగిండు కూడ. నేను చెప్పలేదు."

దువ్వెన ఆపిన.

"ఫోను నా మంచం మీదనే ఉంది కదమ్మా" అన్నది. "నేను కూడ విన్న."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

జడ అల్లేసిన.

రిబ్బను కట్టంగనే అన్నది, "పూడ్పించెయ్యమ్మా ఆ తొట్టిని. చింతపండు ఆరేసుకోవడానికి జాగా లేక సరుకు బూజు పడుతోంది." నేను సరే అన్న. కాదు అనడానికి ఏమున్నది. డాక్టరమ్మ చెప్పిన ఏడాదిన్నర మాఘంలోనే అయిపోయింది.

నిన్న భీమా వచ్చి గొట్టాలు విప్పిండు. నీళ్ళు బయటికి వదిలినం. వీధి కాలువ వెంబడి తేట నీళ్ళు పోతుంటే ఎదురింటామె బిందె తెచ్చి పట్టుకుందామా అని అడిగింది. క్లోరిన్ ఉన్నది వద్దన్న. పెద్ద ఇనుప మోటరును భీమా ఎవరో రైతుకు ఇప్పిస్తనన్నడు. ఇద్దరు మనుషులు వచ్చి మోసుకపోయిన్రు. చిన్నదాన్ని విప్పి, గుడ్డతో తుడిచి, "దీన్నేం చేద్దమమ్మా?" అని నా చేతికి ఇచ్చిండు.

అప్పటిదాక నేను దాన్ని ముట్టుకోలేదు. ఎడమచేతిలోకి తీసుకున్న. తేలిక. ఆయన చెప్పిన ఏడు నెలల పిల్లంత కూడ లేదు.

లోపలికి తీసుకపోయి అనుపమ ఒడిలో పెట్టిన. వాళ్ళ నాన్నలెక్కనే ఎడమచేత్తో లేపి, కాస్త ఊపి చూసి, పక్కన పెట్టింది.

"నేనైనా కొనేదాన్ని కాదమ్మా" అన్నది.